ఆలస్యము నేర్పిన పాఠము – భక్త అగస్టీను, ఆయన స్నేహితులు



సంఘ కాపరులముగా మేము మరణము సంభవించిన యిండ్లకు వెళ్లినప్పుడెల్ల ఒక మాట వినుచుందుము. వచ్చే ఆదివారము వెళ్లి చూడవలెనని అనుకొంటిమని ఒకరు, కోతలు ముగిసిన తరువాత వెళ్లి మాట కలుపుకొందమని తలంచితిమని మరియొకరు చెప్పుకొని తల వంచుకొందురు. మంచి వైద్యము చేయించలేకపోతిమని ఏడ్చువారిని చూచితిమి. వారికంటె, వెళ్లి ఒక్కసారి పలుకరించలేకపోతిమని ఏడ్చువారినే ఎక్కువగా చూచితిమి. పెట్టె మూసిన తరువాత ఆ మాటకు జవాబు చెప్పువారు లేరు.

మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొన్న ఈ సంతోష సమయమున, మనకు సువార్త తెచ్చినవారిని గూర్చియు, మందిరములను, పాఠశాలలను, ఆసుపత్రులను కట్టినవారిని గూర్చియు వ్రాయుటకు ఎందరో పెద్దలున్నారు. మేము మాత్రము పదహారు వందల సంవత్సరములకు పూర్వము ఆఫ్రికా ఖండపు ఉత్తర తీరమున ఒక సంఘమును కాచిన అధ్యక్షుని జీవితమును మీ ముందు పెట్టుచున్నాము. ఆయనే భక్త అగస్టీను. కృపను గూర్చియు, త్రిత్వమును గూర్చియు ఆయన చేసిన బోధను వేదాంత కళాశాలలలో నేటికిని చదువుచున్నారు. అయితే అంత గొప్ప పండితుడు తన యౌవనములో ఒక స్నేహితునియెడల చేసిన తప్పును వృద్ధాప్యము వరకు మరచిపోలేదను సంగతి మన సంఘములలో అంతగా తెలియదు. ఆ సంగతియే ఈ వ్యాసమునకు ముఖ్యము.

రేపటికి వాయిదా వేసిన యిల్లు

అగస్టీను క్రీ.శ. 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన తగస్తే అను చిన్న పట్టణములో జన్మించెను. ఆ ఊరు నేటి అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అను పేరుతో నున్నది. తండ్రి పాట్రీషియస్ కొద్దిపాటి భూమి గలవాడు; చాలకాలము క్రైస్తవుడు కాడు; జీవితాంతమున మాత్రమే బాప్తిస్మము పొందెను. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. బిడ్డ పుట్టగానే ఆనాటి సంఘాచారము ప్రకారము నుదుట సిలువ గుర్తు వేయించి, నాలుకపై ఉప్పు పెట్టించెను గాని బాప్తిస్మము మాత్రము ఇప్పించలేదు. బాప్తిస్మము పొందిన తరువాత చేసిన పాపము మరింత ఘోరమను భయము ఆ కాలపు ప్రజలలో నుండెను. గనుక అనేకులు దానిని వెనుకకు నెట్టుచుండిరి.

అగస్టీను బాల్యములో ఒకసారి కడుపునొప్పి వచ్చి చావునకు దగ్గరయ్యెను. పిల్లవాడే బాప్తిస్మము కావలెనని అడిగెను. తల్లి తొందరపడి ఏర్పాట్లు చేయించుచుండగా నొప్పి తగ్గెను. వెంటనే ఏర్పాట్లన్నియు ఆగిపోయెను. తరువాత చూతమనుకొనిరి. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని చదువరులను కోరుచున్నాము. తరువాత చూతమను మాట ఆయన జీవితములో మరల మరల వచ్చును.

చదువులో మిక్కిలి చురుకైనవాడు. తండ్రి సంపాదన చాలక ఒక సంవత్సరము చదువు ఆగిపోగా, తరువాత రొమానియానుసు అను ధనికుని సహాయము కూడ లభించెను. 371 ప్రాంతమున పదునేడేండ్ల వయస్సులో ఆయన కార్తేజి నగరమునకు వెళ్లి అలంకార శాస్త్రము నేర్చుకొనెను. పందొమ్మిదవ యేట సత్యమును వెదకవలెనను ఆశ కలిగి, ఆ ఆశతోనే మానీ మతములో చేరెను. మూడవ శతాబ్దములో పారసీక రాజ్యములో బయలుదేరిన మానీ అను బోధకుడు వెలుగు, చీకటి అను రెండు శక్తులు ఎల్లప్పుడు పోరాడుచున్నవని బోధించెను. ఆ మతస్థులు పాత నిబంధనను ఎగతాళి చేయుచుండిరి. నీటి బాప్తిస్మమును లెక్కచేయకుండిరి. అగస్టీను సుమారు తొమ్మిదేండ్లు ఆ గుంపులో నుండెను.

పేరు వ్రాయని స్నేహితుడు

375 ప్రాంతమున ఆయన స్వంత ఊరికి వచ్చి ఉపాధ్యాయుడుగా పని ప్రారంభించెను. అచ్చట తనతో ఒకే వయస్సు గల యువకునితో గాఢమైన స్నేహము కలిసెను. ఇద్దరును ఒకే ఊరిలో పెరిగినవారు, ఒకే బడిలో చదివినవారు, కలిసి ఆడుకొన్నవారు. చదువు ముగించుకొని వచ్చిన తరువాత ఆ పాత పరిచయము ప్రాణస్నేహమాయెను. అగస్టీను తన జీవితమును గూర్చి వ్రాసిన ఒప్పుకోలు అను గ్రంథములో ఈ యువకుని కథ నాలుగవ భాగమందున్నది. అయితే అతని పేరు ఆయన ఎక్కడను వ్రాయలేదు.

ఆ యువకుడు క్రైస్తవ విశ్వాసములో పెరిగినవాడే గాని వేరు లోతుగా తన్నినవాడు కాడు. అగస్టీను మాటకారి. తన తెలివితో స్నేహితుని కూడ మానీ బోధవైపునకు త్రిప్పెను. ఒకరిని విడిచి ఒకరుండలేనంతగా ఇద్దరును కలిసిపోయిరి. ఆ స్నేహమునకు ఇంకను ఒక సంవత్సరమైనను నిండలేదు. అంతలో యువకునికి తీవ్రమైన జ్వరము వచ్చెను.

చాలసేపు అతడు ఒడలెరుగక చెమటలో మునిగి పడియుండెను. బ్రదుకుటకు ఆశ లేదని తోచగా, అతనికి స్పృహ లేకుండగనే బాప్తిస్మమిచ్చిరి. అగస్టీను దానిని లెక్కచేయలేదు. తెలివి లేనప్పుడు దేహము మీద పడిన నీటికంటె తాను నేర్పిన బోధయే స్నేహితుని మనస్సులో నిలుచునని నమ్మెను. అయితే జ్వరము దిగి, యువకునికి తెలివి వచ్చెను. అగస్టీను మంచము విడువక దగ్గరనే యుండెను గనుక, మాటలాడ వీలు కలుగగానే ఆ బాప్తిస్మమును గూర్చి పరిహాసమాడెను. స్నేహితుడును తనతో కూడ నవ్వుననుకొనెను.

స్నేహితుడు నవ్వలేదు. శత్రువును చూచినట్లు ఉలికిపడి చూచెను. తనతో స్నేహము కావలెనంటే అట్టి మాటలు ఇక ఆడవద్దని, అంతకుమునుపు ఎన్నడును లేని ధైర్యముతో ఖండితముగా చెప్పెను. బలహీనుడై మంచముపై పడియున్నవాడు తెలివిగలవానిని గద్దించెను. అగస్టీను నిర్ఘాంతపోయెను, మనస్సు కలవరపడెను. అయినను అప్పుడేమియు బదులు చెప్పలేదు. మొదట స్నేహితుడు కోలుకొననిమ్ము, బలము రానిమ్ము, అప్పుడు తన ఇష్టము వచ్చినట్లు అతనితో మాటలాడవచ్చునని తలంచి ఊరకుండెను.

కొన్ని దినములు గడచెను. అగస్టీను దగ్గర లేని సమయమున జ్వరము మరల తిరుగబెట్టెను. యువకుడు చనిపోయెను.

చెప్పవలసిన మాట ఏది?

ప్రియులారా, ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. అగస్టీను వాయిదా వేసిన మాట ఏది? అది క్షమాపణ కాదు. స్నేహితుడు బాగుపడిన తరువాత మరల వాదించి తనవైపునకు త్రిప్పుకొనవలెనన్నదే ఆయన ఉద్దేశము. రోగి మంచము ప్రక్కన ఆయన చేయవలసిన దయ వేరుగా నున్నది. నీవు బ్రదికితివి, నాకదే చాలునని చెప్పవలసియుండెను. నా పరిహాసము నిన్ను నొప్పించెనని ఒప్పుకొనవలసియుండెను. ఆ యువకునికి క్రొత్తగా దొరికిన ఆదరణను గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగవలసియుండెను. ఇవేవియు జరుగలేదు. ఇద్దరి మధ్య చివరిగా మిగిలినది ఒక ఎగతాళి, ఒక గద్దింపు, ఆ తరువాత మౌనము.

ఇరువది సంవత్సరములు దాటిన తరువాత, అధ్యక్షుడైన అగస్టీను 397వ సంవత్సర ప్రాంతమున ఒప్పుకోలు గ్రంథమును వ్రాయనారంభించి, ఈ సంగతిని దాచకుండ దేవుని యెదుటను మనుష్యుల యెదుటను పెట్టెను. స్నేహితుని మరణమును ఆయన అప్పుడు వేరొక రీతిగా గ్రహించెను. తన వెర్రి వాదములు అతని విశ్వాసమును మరల చెరుపకుండ దేవుడే అతనిని తనయొద్ద భద్రపరచెనని వ్రాసెను. తానే తన స్నేహితునికి అపాయమైతినని ఇంత స్పష్టముగా ఒప్పుకొన్నవారిని మేము ఎక్కువగా చూడలేదు.

దుఃఖము ఆయనను విడువలేదు. స్వంత ఊరు ఆయనకు శిక్షగా మారెను. ఇద్దరును కలిసి తిరిగిన చోట్లన్నియు, అతడు లేనందున, వేదనయే కలిగించెను. ఆయన కన్నులు అంతటను అతనిని వెదకెను. మునుపు అతడు ఊరిలో లేనప్పుడు త్వరలో వచ్చునను ఆశ యుండెడిది. ఇప్పుడు ఏ వీధియు ఆ ఆశను ఇయ్యలేదు. ఏడ్పు ఒక్కటే ఆయనకు తీపిగా నుండెను. దేవునియందు ఆదరణ పొందుదమన్నను, ఆనాడు ఆయన నమ్మిన దేవుడు ఊహలో కట్టుకొన్న నీడ మాత్రమే గనుక, ఆ నీడపై తన భారము మోపలేకపోయెను. తుదకు 376లో ఊరు విడిచి కార్తేజికి వెళ్లిపోయెను.

కాలము గడచుట చేతను, క్రొత్త స్నేహితులు దొరకుట చేతను గాయము కొంత మానెను. కలిసి మాటలాడుట, నవ్వుకొనుట, మంచి పుస్తకములు చదువుకొనుట, ద్వేషము లేకుండ అప్పుడప్పుడు భేదించుట, దూరమైనవారికై ఎదురుచూచుట – ఇవి మనస్సులను ఒకటిగా చేయునని ఆయన తెలిసికొనెను. అయితే తన దుఃఖమునకు మూలమును కూడ ఆయన తరువాత కనుగొనెను. చనిపోవలసిన మనుష్యుని, ఎన్నడును చనిపోనివానివలె ప్రేమించితినని చెప్పుకొనెను. మా దృష్టికి ఇది వాయిదాలన్నిటికిని కారణము. ఎదుటివాడు ఎల్లప్పుడు ఉండునని నమ్మినవాడే చెప్పవలసిన మాటను రేపటికి దాచుకొనును.

తల్లికి తీర్చుకొన్న ఋణము

383లో అగస్టీను రోమా నగరమునకు పోదలచెను. తల్లి మోనికా విడువలేక కార్తేజి ఓడరేవు వరకు వెంబడించెను. ఓడ ఎక్కబోవు ఒక స్నేహితుని సాగనంపవలెనని అబద్ధమాడి, ఆమెను సమీపముననున్న హతసాక్షి కుప్రియాను జ్ఞాపకార్థ మందిరములో ఆ రాత్రి ఉండుమని ఒప్పించెను. ఆమె అచ్చట ప్రార్థనలోను కన్నీటిలోను నుండగా ఓడ సాగిపోయెను. తెల్లవారిన తరువాత ఒడ్డున నిలిచిన తల్లికి సముద్రము తప్ప ఏమియు కనబడలేదు.

ఈ తప్పును సరిచేసికొనుటకు మాత్రము దేవుడు ఆయనకు సమయమిచ్చెను. ఆయన 384లో మిలాను నగరములో అలంకార శాస్త్ర ఆచార్యుడాయెను. తల్లి సముద్రము దాటి ఆయనయొద్దకు వచ్చి చేరెను. అధ్యక్షుడైన అంబ్రోసు ప్రసంగములు ఆయన మనస్సును మెత్తపరచెను. అప్పటికిని ఆయన లోబడుటకు ఆలస్యము చేయుచునే యుండెను. పవిత్రత కావలెను గాని ఇప్పుడే వద్దని యౌవనములో ప్రార్థించినవాడు గదా! 386 వేసవిలో మిలానులోని ఒక తోటలో, అలిపియసు అను స్నేహితుడు దగ్గరనుండగా, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోని ఒక భాగమును తెరచి చదివి ప్రభువునకు లోబడెను. 387 ఈస్టరు రాత్రి అంబ్రోసు చేతులమీదుగా, అలిపియసుతోను తన కుమారుడైన అదెయోదాతుసుతోను కలిసి బాప్తిస్మము పొందెను. ఒకప్పుడు స్నేహితుని మంచముయొద్ద ఏ నీటిని ఎగతాళి చేసెనో ఆ నీటిలోనికే ఆయన కన్నీటితో దిగెను.

అదే సంవత్సరము ఆఫ్రికాకు తిరిగి వచ్చు ప్రయాణములో, రోమా దగ్గరి ఓస్తియా రేవులో మోనికా జ్వరముతో పడి తొమ్మిదవ దినమున కన్ను మూసెను. అది ఆమెకు ఏబదియారవ యేడు. ఈసారి కుమారుడు మంచముయొద్దనే యుండి పరిచర్య చేసెను. కుమారుని నోట తనయెడల ఒక్క కఠినమైన మాటయైనను వినలేదని ఆ తల్లి చెప్పి వెళ్లిపోయెను. ఓడరేవులో ఆ రాత్రి జరిగినది ఆమె మరచెనో, మరవకయే క్షమించెనో!

నెబ్రిడియసు అడిగినది

మిలానులో ఆయనతో నున్న మరియొక స్నేహితుడు నెబ్రిడియసు. ఇతడు కార్తేజి సమీపమున తండ్రి ఇచ్చిన మంచి భూములను, ఇంటిని, తల్లిని విడిచి, అగస్టీనుతో కలిసి సత్యమును వెదకవలెనని మాత్రమే సముద్రము దాటి వచ్చెను. గొప్ప ప్రశ్నలడుగువాడు. గొప్ప ప్రశ్నకు చిన్న జవాబు కోరువారిని సహింపనివాడు.

388లో అందరును ఆఫ్రికాకు తిరిగి వచ్చిరి. అగస్టీను తగస్తేలో కొందరు సహోదరులతో ప్రార్థనా జీవితము ప్రారంభించెను. నెబ్రిడియసు తల్లియొద్ద, కార్తేజి ప్రాంతమందలి తన యింట నుండెను. ఇద్దరి మధ్య నడచిన ఉత్తరములలో పండ్రెండు నేటికిని నిలిచియున్నవి. మనము కలిసి జీవించుటకు నీవు తగిన ఉపాయము చేయుట లేదని నెబ్రిడియసు ఒక ఉత్తరములో నిష్ఠూరమాడెను. అగస్టీను బదులు వ్రాసెను. నీవు పల్లకిలో రావచ్చునని ఒకరు చెప్పిరి గాని, ఆరోగ్యముగా నున్నప్పుడే నిన్ను విడువలేని తల్లి జబ్బుగా నున్నప్పుడు విడుచునా? నేనే వత్తునంటే ఇచ్చట నాతో రాలేనివారు, నేను విడువరానివారు ఉన్నారు. మాటిమాటికి వచ్చి పోవుటకు దూరము ఎక్కువ, నా దేహమునకు బలము తక్కువ. ఈ కారణములు చెప్పెను.

కారణములు అబద్ధములు కావు. మంచివే. సంఘ సేవకులైన మాకు అవి బాగుగా తెలిసిన కారణములు. అయితే 390 ప్రాంతమున నెబ్రిడియసు చనిపోయెను. అప్పటికి అతడు బాప్తిస్మము పొంది, తన యింటివారినందరిని ప్రభువునొద్దకు నడిపించియుండెను. కలిసి జీవించవలెనన్న కోరిక నెరవేరలేదు.

ఈ స్నేహితుని గూర్చి అగస్టీను తన్ను తాను నిందించుకొన్నట్లు వ్రాయలేదు. మేమును ఆయనపై నింద మోపము. మొదటి స్నేహితునికొరకు ఆదరణ లేక ఏడ్చినవాడు, ఈ స్నేహితునిగూర్చి అబ్రాహాము రొమ్మున ఉన్నాడను నిరీక్షణతో వ్రాసెను. ఇప్పుడతడు తన చెవిని స్నేహితుని నోటియొద్ద పెట్టుట లేదు గాని, తన ఆత్మ నోటిని దేవుని ఊటయొద్ద పెట్టుకొన్నాడనియు, అయినను తన్ను మరచియుండడనియు నమ్మెను. చాల సంవత్సరముల తరువాత బోనిఫేసు అను అధ్యక్షునికి ఉత్తరము వ్రాయుచు, ప్రశ్నలడిగిన ఆ నెబ్రిడియసును ప్రేమతో జ్ఞాపకము చేసికొనెను. ఆ ఉత్తరము దేనిని గూర్చినదో తెలియునా? తెలివి లేని పసిబిడ్డలకు ఇచ్చు బాప్తిస్మమును గూర్చినది. ఆ తరువాత వివాహమును గూర్చి వ్రాసిన ఒక గ్రంథములో, బాప్తిస్మమునకు సిద్ధపడుచు ప్రాణాపాయములో నోరు మెదపలేని స్థితికి వచ్చినవారికి బాప్తిస్మము నిరాకరింపరాదని కూడ ఆయన వాదించెను. అవి వ్రాయునప్పుడు తగస్తేలోని ఆ మంచము ఆయన కన్నుల యెదుట నుండెనని మేము తలంచుచున్నాము.

ఆలస్యము చేయని పాదములు

391లో హిప్పో పట్టణమందున్న ఒక స్నేహితుడు ఆయనను చూడగోరెను. అది నేటి అల్జీరియాలోని అన్నాబా. ఆ స్నేహితుడు దైవభక్తి గలవాడు, రాజోద్యోగి. నెబ్రిడియసు మరణించి ఎంతో కాలము కాలేదు. ఈసారి అగస్టీను కారణములు చెప్పలేదు, లేచి వెళ్లెను. అచ్చటి అధ్యక్షుడైన వాలేరియసు వృద్ధుడు. ప్రజలు అగస్టీనును పట్టుకొని, ఆయన ఏడ్చుచుండగనే గురువుగా అభిషేకము చేయించిరి. 395 ప్రాంతమున అధ్యక్షుడాయెను. స్నేహితుని చూడవచ్చినవాడు దాదాపు నలువది సంవత్సరములు ఆ ఊరి సంఘమునకు కాపరియాయెను.

ఆయనతో చాలకాలమున్న పోసీదియుసు అను అధ్యక్షుడు ఆయన జీవిత చరిత్రను వ్రాసెను. అందులో రెండు సంగతులు మా మనస్సును పట్టుకొన్నవి. మొదటిది భోజనపు బల్ల. దగ్గర లేనివారిని గూర్చి చెడ్డగా మాటలాడువారికి ఈ బల్లయొద్ద చోటు లేదను అర్థము గల పద్యమును అగస్టీను దానిపై వ్రాయించెను. ఒకసారి ఆయనకు మిక్కిలి ప్రియులైన అధ్యక్షులే దానిని మరచి మాటలాడగా, ఆ పద్యమునైనను చెరిపివేయవలెను, నేనైనను లేచి గదిలోనికి పోవలెనని గద్దించెను. పరిహాసము ఎంత దూరము పోవునో ఎరిగినవాని బల్ల అది.

రెండవది రోగుల దర్శనము. ఆయన ఊరక యిండ్లవెంట తిరుగువాడు కాడు. యాకోబు పత్రికలో చెప్పబడినట్లు ఇబ్బందిలోనున్న విధవరాండ్రను, దిక్కులేని పిల్లలను మాత్రమే దర్శించుచుండెను. అయితే రోగి ఎవరైనను వచ్చి ప్రార్థన చేయుమని, చేతులుంచుమని కబురు పంపినయెడల ఆలస్యము చేయక వెళ్లుచుండెనని పోసీదియుసు వ్రాసెను. ఆలస్యము చేయక అను ఆ మాటను చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఎన్ని గ్రంథములు వ్రాయవలసియున్నను, ఎన్ని తగవులు తీర్చవలసియున్నను, జబ్బు మనుష్యునికి బలము వచ్చిన తరువాత మాటలాడుదమను ఆలోచన ఆ మనుష్యునిలో మరల కనబడదు.

డెబ్బదిరెండేండ్ల వయస్సులో, 426, 427 సంవత్సరములలో, ఆయన తన గ్రంథములన్నిటిని మరల చదివి, తప్పులను తానే దిద్దుచు ఒక పుస్తకము వ్రాసెను. ఒప్పుకోలు గ్రంథమునకు వచ్చినప్పుడు, చనిపోయిన స్నేహితునికొరకు తాను పడిన దుఃఖమును వర్ణించిన చోట వ్రాసిన ఒక అలంకారపు ఊహను పట్టుకొనెను. అది గంభీరమైన ఒప్పుకోలువలె కాక తేలికపాటి ప్రసంగమువలె నున్నదని తన్ను తానే తప్పుపట్టుకొనెను. సంగతి జరిగి అప్పటికి ఏబదియేండ్లు. ఆ స్నేహితునిగూర్చి ఒక మాటయైనను అందముకొరకు ఆడరాదని ఆ వృద్ధుడు తలంచెను.

430లో వండాలులు హిప్పోను ముట్టడించిరి. మూడవ నెలలో ఆయనకు జ్వరము వచ్చెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి, మంచమునకు ఎదురుగా గోడకు తగిలించుకొని, చదువుకొనుచు ఏడ్చుచుండెను. ఆ మంచముయొద్దకే ఒకడు తన జబ్బు బంధువును తీసికొనివచ్చి చేతులుంచుమని అడిగెను. తనకు ఆ శక్తి యున్నయెడల మొదట తననే బాగుచేసికొందునని ఆయన చెప్పెను గాని, ఆ మనుష్యుడు తనకు కలలో కలిగిన ఆజ్ఞ చెప్పి వేడుకొనగా, ఆ రోగిపై చేతులుంచి ప్రార్థించెను. రోగి స్వస్థుడై పోయెనని పోసీదియుసు వ్రాసెను. ఆగస్టు 28వ తేదీన, డెబ్బదియైదేండ్ల వయస్సులో, అగస్టీను ప్రభువునందు నిద్రించెను.

మా ఒప్పుకోలు

ఇంతవరకు వ్రాసి, మా సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. వేదాంత కళాశాలలో మా బల్లయొద్దనే కూర్చుండి గ్రీకు వ్యాకరణము నేర్చుకొన్న స్నేహితుడొకరు పల్లె సంఘములలో సేవ చేయుచుండెను. ఒక గురువుల కూటములో ఆయన ఆరాధన క్రమమందలి పాటను స్వరము తప్పి పాడగా, మేము పదిమందిలో ఒక పరిహాసమాడితిమి. అందరును నవ్విరి. ఆయనయు నవ్వెను గాని, టీ త్రాగునప్పుడు మా ప్రక్కకు రాలేదు. తరువాత ఆయన జబ్బుపడెనని విని, శ్రమకాలపు కూడికలు ముగిసిన తరువాత వెళ్లి క్షమాపణ అడుగవలెనని అనుకొంటిమి. పరిశుద్ధ వారములోనే కబురు వచ్చెను. సమాధి ఆరాధన అయిన తరువాత అమ్మగారు మాకు కాఫీ ఇచ్చి, ఆ కూటము తరువాత అయ్యగారు ప్రతి సాయంకాలము ఆ పాటను సాధన చేసి చక్కగా పాడుట నేర్చుకొనిరని, నిందించుటకు కాక సంతోషముగా చెప్పెను. మేము దానిని వినలేదు. ఈ లోకములో ఇక వినము.

దేవుడు ఆ తప్పును క్షమించెనని మేము నమ్ముచున్నాము. మొదటి స్నేహితుని మరణమును ఉపయోగించి ఒక కాపరిని సిద్ధపరచిన ప్రభువు, మన వాయిదాలను కూడ వ్యర్థముగా పోనీయడు. అయితే క్షమాపణ పొందినవాడు చేయవలసినది ఒకటున్నది. చనిపోయినవారికి చేయలేని దయను బ్రదికియున్నవారికి చేయుటయే అది. అగస్టీను తగస్తేలోని ఆ మంచముయొద్ద మరల మోకరించలేకపోయెను. హిప్పోలో కబురు పంపిన ప్రతి మంచముయొద్దకును వెళ్లెను.

ఈ శతవార్షికోత్సవములో మనము ఊరేగింపులు చేయుదుము, ఫలకములు వేయించుదుము, పూర్వికుల పేర్లు చదువుదుము. మంచిదే. అయితే ప్రతి సంఘములోను మందిరమునకు రాలేక మంచముపై నున్నవారి పేర్లు కొన్ని యున్నవి. మాటపట్టింపు వలన పది సంవత్సరములుగా వేరొక వరుసలో కూర్చుండువారి పేర్లును కొన్ని యున్నవి. ఈ సంచికను చదువుచున్న మీకు ఇప్పుడే ఒక పేరు జ్ఞాపకము వచ్చియుండును. పండుగ అయిన తరువాత అనుకొనవద్దు. ఆయన కోలుకొన్న తరువాత అనుకొనవద్దు. ఏమి మాటలాడవలెనో తెలియకపోయినను ఫరవాలేదు. వెళ్లి మంచము ప్రక్కన కూర్చుండుడి.

ఆలస్యము చేయక వెళ్లు పాదములను ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమెన్.